కడపకు ముందు, కర్నూలుకు తర్వాత

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఆషాఢం గడిచిపోతున్నా చినుకు రాలకపోతే గాడిదలకు పెళ్లి చేస్తారు. పసుపు రాసి, కొత్త బట్ట కప్పి, డప్పులతో ఊరేగిస్తారు. కొన్ని ఊళ్లలో ఆ మర్యాద కప్పలకు దక్కుతుంది. ఇంకొన్ని చోట్ల గుళ్లో విరాటపర్వం చదివిస్తారు. తమాషా ఏమిటంటే, చాలాసార్లు ఆ తర్వాత పది పదిహేను రోజుల్లో వాన పడనే పడుతుంది. చేయించినవాళ్లు మీసం దువ్వుకుంటారు. వాళ్లు చెప్పేది అబద్ధమేమీ కాదు. పెళ్లి జరిగింది, వాన పడింది, రెండూ నిజమే.

కిటుకు తేదీల్లో ఉంది. జూన్‌లోనే పదును దొరికిన ఏడు గాడిదల పెళ్లి ఊసు ఎవరూ ఎత్తరు. జూలై ఎండిపోయాకే ఎత్తుతారు. రాయలసీమలో వాన ఎక్కువగా పడే నెలలేమో ఆగస్టు, సెప్టెంబరు. అంటే ఈ పెళ్లికి ముహూర్తం ఎప్పుడూ బాగా ఎండిన రోజుల్లోనే కుదురుతుంది, దాని వెనకే ఎటూ తడి రోజులు వస్తాయి. పెళ్లి చేసిన ఊళ్లో ఎంత వాన పడిందో కొలిచినంత మాత్రాన ఏమీ తేలదు. అదే ఏడు, అంతే ఎండి, పెళ్లి మాత్రం చేయని పక్క ఊళ్లో ఎంత పడిందో కూడా తెలియాలి. ఆ రెండో లెక్కను రాసిపెట్టుకునే అలవాటు ఎవరికీ లేదు.

దీన్ని చూసి నవ్వే చదువుకున్నవాళ్లకూ ఆ అలవాటు లేదన్నది అసలు చిక్కు. 2000ల దశకంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సీమ జిల్లాల మీద విమానాలు తిప్పి మేఘమథనం చేయించింది. విమానం వెళ్లేది మబ్బులున్న చోటికే. మబ్బులున్న చోట మందు చల్లకపోయినా వాన పడే అవకాశం ఎక్కువే. చల్లిన తర్వాత పడ్డ వానలో మందు వాటా ఎంత, మబ్బు వాటా ఎంత? తేల్చాలంటే ఒకే తీరు మబ్బుల్లో కొన్నిటిని లాటరీ వేసి వదిలేయాలి. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ 2018, 2019 వానకాలాల్లో షోలాపూర్ దగ్గర సరిగ్గా ఆ పనే చేసింది. 276 మేఘాలను ఎంచుకుని, కొన్నిటి మీద చల్లి, కొన్నిటిని అలాగే వదిలి, రాడార్లతో, వానమాపకాలతో కొలిచింది. మందు చల్లిన చోటికి గాలివాలున ఉన్న ప్రాంతంలో వాన సగటున సుమారు 18 శాతం పెరిగిందని తేల్చింది. ఈ 18 శాతం అనే మాటకు విలువ మందు చల్లిన మేఘాల నుంచి రాలేదు, చల్లకుండా వదిలేసిన మేఘాల నుంచి వచ్చింది.

మేఘాల సంగతి ఇంత కష్టమైతే మనుషుల సంగతి చెప్పేదేముంది! మనుషులు ఒకరిని చూసి ఒకరు మారతారు, పథకం వస్తుందని తెలిస్తే ముందే మారతారు, అడిగినవాళ్ల ముఖం చూసి జవాబు మారుస్తారు. ఒక పథకం వల్ల కూలి పెరిగిందా, ఒక బడి వల్ల చదువు వచ్చిందా అన్న ప్రశ్నకు సామాజిక శాస్త్రవేత్తలు ఎలా జవాబు వెతుకుతారో, ఆ జవాబును ఎంతవరకు నమ్మవచ్చో చూడటానికి కర్నూలు, కడప జిల్లాల కంటే మంచి చోటు దేశంలో తక్కువ. ఎందుకంటే ఈ రెండు జిల్లాలూ తమకు తెలియకుండానే ఒకసారి సగం ప్రయోగంలో, ఇంకోసారి పూర్తి ప్రయోగంలో పాలుపంచుకున్నాయి.

సగం ప్రయోగం ఉపాధి హామీతో వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ ఆ పథకాన్ని ప్రారంభించారు. ఊళ్లలో దాన్ని ఇప్పటికీ కరువు పని అనే అంటారు. మొదటి విడతలో దేశంలోని 200 జిల్లాలకు వచ్చింది. ఆ జాబితాలో కడప ఉంది. కర్నూలు లేదు. కర్నూలుకు 2007లో, 130 జిల్లాల రెండో విడతలో వచ్చింది. మిగిలిన దేశానికి 2008 ఏప్రిల్ నుంచి.

ఏడాది తేడా. పరిశోధకుడి కంటికి ఆ ఏడాది బంగారం. కడపలో కరువు పని ఉంది, పక్కనే కర్నూలులో ఇంకా లేదు. రెండూ మెట్ట జిల్లాలే, రెండిటిలో శనగకాయే, ఒకే కె.సి. కాలువ రెండిటిలోనూ పారుతుంది. ఊహకు ఒక లెక్క అనుకుందాం: ఏడాదిలో వ్యవసాయ కూలి కడపలో 15 రూపాయలు పెరిగి, కర్నూలులో 9 రూపాయలు పెరిగిందనుకుంటే, పథకం లేకపోయినా కడపలో ఎలాగూ పెరిగేది 9 రూపాయలు, పథకం పుణ్యం మిగతా 6 రూపాయలు అనవచ్చు. దీన్ని తేడాల మధ్య తేడా పద్ధతి అంటారు. కడపలో ముందూ వెనకా మాత్రమే చూసి 15 రూపాయలూ పథకం ఖాతాలో రాసేవాళ్ల కంటే ఇది ఎంతో మెరుగు.

అయినా ఇందులో ఒక నమ్మకం దాగి ఉంది. పథకం రాకపోయుంటే కడప కూడా కర్నూలు నడిచిన తీరునే నడిచేదన్న నమ్మకం. దాన్ని కాస్త గట్టిగా తట్టి చూడాలి. 2004 నుంచి 2009 దాకా ముఖ్యమంత్రిది కడప జిల్లా. రిమ్స్ వైద్య కళాశాల కడపకు వచ్చింది 2006లో. యోగి వేమన విశ్వవిద్యాలయం వచ్చిందీ 2006లోనే. రోడ్లు, భవనాలు, జలయజ్ఞం కాలువలు సరేసరి. మట్టి పనికీ, మేస్త్రీ పనికీ కూలీలు కావలసి వచ్చిన ఏడాది, కరువు పని వచ్చిన ఏడాది ఒకటే! ఊహలెక్కలోని ఆ 6 రూపాయల్లో ఎంత ఉపాధి హామీది, ఎంత ముఖ్యమంత్రి సొంత జిల్లా అన్న హోదాది? రెండు జిల్లాల లెక్కతో ఇది ఎప్పటికీ తేలదు.

దేశం మొత్తం తీసుకుంటే ఈ స్థానిక గొడవలు కొంత ఒకదానికొకటి కొట్టుకుపోతాయి. క్లెమెంట్ ఎంబేర్, జాన్ పాప్ అనే ఆర్థికవేత్తలు ముందు విడతల జిల్లాలనూ వెనకటి విడత జిల్లాలనూ జాతీయ నమూనా సర్వే లెక్కలతో పోల్చి, వానలు లేని నెలల్లో కూలి 5 శాతానికి కాస్త అటూఇటూగా పెరిగిందని 2015లో ప్రచురించారు. లారా జిమ్మర్‌మన్ అదే పథకాన్ని వేరే పద్ధతిలో చూసింది: వెనుకబాటుతనం జాబితాలో గీతకు కాస్త ఇటు పడి పథకం ముందే దొరికిన జిల్లాలకూ, కాస్త అటు పడి ఆలస్యంగా దొరికిన జిల్లాలకూ మధ్య తేడా కొలిచింది. ఆమెకు కూలి మార్కెట్ మీద పెద్ద ప్రభావమేమీ కనిపించలేదు. ఒకే పథకం, ఒకే దేశం, ముగ్గురూ సమర్థులే. జవాబులు రెండు.

ఇలాంటప్పుడు చాలామంది చేతులెత్తేసి, లెక్కలతో ఏదైనా నిరూపించవచ్చులే అనేస్తారు. అది సోమరితనం. పోట్లాట ఎక్కడుందో చూస్తే చాలా విషయం బయటపడుతుంది. మొదటి పద్ధతి విడతల జిల్లాలన్నిటి సగటును కొలుస్తుంది. రెండోది గీత పక్కనున్న జిల్లాలను మాత్రమే కొలుస్తుంది. పథకం అన్ని రాష్ట్రాల్లో ఒకేలా నడవలేదు. ఆంధ్రప్రదేశ్‌లో నడిచింది, కొన్ని రాష్ట్రాల్లో కాగితం మీదే ఉండిపోయింది. నడవని పథకం కూలి పెంచదు. అసలు లోపం రెండు పద్ధతులకూ వెనకాల ఉంది: ఏ జిల్లాకు ముందు ఇవ్వాలో నిర్ణయించింది వెనుకబాటుతనం, రాజకీయం. లాటరీ కాదు.

లాటరీ వేసిన కథ నాలుగేళ్ల తర్వాత మొదలైంది. దాని గురించి చెప్పేముందు నేల మీదకు ఒకసారి రావాలి, నిజంగానే నేల మీదకు. నంద్యాల చుట్టూ నల్లరేగడి, పత్తికొండ వైపు వెళితే ఎర్రనేల. కొత్త విత్తనాన్ని రేగడిలో, పాత విత్తనాన్ని ఎర్రనేలలో వేసి కొత్తదే గెలిచిందంటే ఏ రైతూ ఒప్పుకోడు. వ్యవసాయ పరిశోధనా కేంద్రాల్లో ఒకే రకం నేలను మడులుగా కోసి, ఏ మడిలో ఏ విత్తనమో లాటరీతో తేలుస్తారు. ఈ పద్ధతికి శాస్త్రం కట్టినవాడు ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ పొలాల్లో పనిచేసిన రొనాల్డ్ ఫిషర్. 1935లో ప్రయోగాల రచన మీద ఆయన పుస్తకం వచ్చింది. ఆయన దగ్గర కేంబ్రిడ్జిలో డాక్టరేట్ చేసిన తెలుగువాడు సి.ఆర్. రావు పుట్టిన హడగలి అప్పట్లో బళ్లారి జిల్లాలోది. బళ్లారి అంటే కర్నూలు, కడప, అనంతపురాలతో పాటు నిజాం ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేసిన దత్త మండలాల్లో ఒకటి. సంఖ్యాశాస్త్రానికి సీమతో ఈ మాత్రం చుట్టరికం ఉంది.

ఇప్పుడు మడుల స్థానంలో మండలాలను పెట్టాలి.

ఉపాధి హామీ కూలి డబ్బు మొదట్లో పోస్టాఫీసు ద్వారా వచ్చేది. పని చేసిన వారాలకు గాని చేతికి అందేది కాదు. అందినప్పుడు చేతివాటం పోగా అందేది. మస్టరులో పేరు ఒకరిది, సంతకం ఇంకొకరిది. ముసలోళ్ల పింఛనులోనూ ఏదో ఒక కోత. దీనికి విరుగుడుగా రాష్ట్ర ప్రభుత్వం వేలిముద్రతో పనిచేసే స్మార్ట్‌కార్డులు తెచ్చింది. డబ్బు పంచేది ఊళ్లోనే ఉండే ఒక మనిషి, ఎక్కువగా పొదుపు సంఘంలోని చదువుకున్న ఆడమనిషి. ఊరి అధికారులకు ఆమె చుట్టం కాకూడదని నియమం. చిన్న యంత్రం మీద వేలు పెడితే రసీదు వస్తుంది, డబ్బు చేతికి వస్తుంది.

8 జిల్లాల్లో ఈ పని బ్యాంకుల కాంట్రాక్టుల చిక్కుల్లో పడి మొదట్లో కుంటుపడింది. ఆదిలాబాద్, అనంతపురం, కడప, ఖమ్మం, కర్నూలు, నల్గొండ, నెల్లూరు, విజయనగరం. 2010లో మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఎలాగూ అన్ని మండలాల్లో ఒకేసారి యంత్రాలు పెట్టలేరు. ఏ మండలానికి ముందు? కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ప్రభుత్వాన్ని ఒప్పించింది ఈ ఒక్క విషయానికే: వరుసను లాటరీకి వదిలేయండి. ఇంతకుముందే పని మొదలైన మండలాలను పక్కన పెడితే 296 మిగిలాయి. వాటిలో 112 మండలాలకు ముందు, 45 మండలాలకు చివర. మధ్యలో 139 మండలాలు ఎడంగా. ఆ ఎడం పనికిమాలినది కాదు. ముందు మండలాల్లో కార్డులు పాతుకునే దాకా చివరి మండలాలకు కార్డులు చేరకుండా అదే టైము ఇచ్చింది. మడుల్లో నేల రకం చూసినట్టే లాటరీని జిల్లాల వారీగా వేశారు, కాబట్టి కర్నూలు మండలాన్ని కర్నూలు మండలంతోనే పోల్చవచ్చు. పోల్చిన 157 మండలాల్లో జనాభా 1 కోటి 90 లక్షలు. ఆస్ట్రేలియా జనాభా అప్పటికి ఇంతకు కాస్తే ఎక్కువ.

రెండేళ్ల తర్వాత వెళ్లి చూస్తే ముందు మండలాల్లోనూ చెల్లింపుల్లో సగం మాత్రమే కొత్త పద్ధతిలో జరుగుతున్నాయి. ఇక్కడే ఒక ప్రలోభం కాచుకుని ఉంటుంది. కార్డులు బాగా నడుస్తున్న ఊళ్లను మాత్రమే తీసుకుని, కార్డులు లేని ఊళ్లతో పోలిస్తే? ఫలితం అద్భుతంగా వస్తుంది, అబద్ధంగానూ వస్తుంది. కార్డులు బాగా నడిచిన ఊరంటే రోడ్డు, సిగ్నలు, చురుకైన సిబ్బంది ఉన్న ఊరు. అక్కడ పోస్టాఫీసు కూడా మిగతాచోట్ల కంటే మెరుగ్గానే నడిచి ఉండేది. అందుకే ముగ్గురూ మొండిగా లాటరీ మాటకే కట్టుబడ్డారు. కార్డు అందినా అందకపోయినా, ముందు మండలంలోని ప్రతి ఇంటినీ ముందు మండలం లెక్కలోనే వేశారు. దీనివల్ల ఫలితం పలచబడుతుంది, కాని దాన్ని తప్పుపట్టడం కష్టమవుతుంది.

పలచబడినా మిగిలింది తక్కువేమీ కాదు. కూలీలు డబ్బు తీసుకోవడానికి పట్టే సమయం ప్రతిసారీ 20 నిమిషాలకు పైగా తగ్గింది. పని అయ్యాక డబ్బు 6 నుంచి 10 రోజులు ముందుగా అందింది. వారానికి ఇంటికి అందే ఉపాధి హామీ కూలి సుమారు 35 రూపాయలు, అంటే 24 శాతం పెరిగింది. ప్రభుత్వం పెట్టిన ఖర్చు మాత్రం పెరగలేదు. అంటే ఆ డబ్బు ఇదివరకు దారిలో ఆగిపోతున్నదే. దారి దోపిడీ 41 శాతం తగ్గిందని లెక్క తేలింది. పింఛన్లలో లంచాలు, కోతలు అసలే తక్కువ. అవీ దాదాపు సగానికి పడిపోయాయి. 2016లో ఈ ఫలితాలు అమెరికన్ ఎకనమిక్ రివ్యూలో అచ్చయ్యాయి.

ఇందులో రాజకీయ నాయకులు చదవవలసిన భాగం ఒకటుంది. కార్డుల గురించి పై అధికారులకు కింది నుంచి చేరుతున్న కబుర్లు ఎక్కువగా ఫిర్యాదులే. యంత్రం పనిచేయడం లేదు, ముసలమ్మల వేలిముద్రలు అరిగిపోయాయి, జనం విసుక్కుంటున్నారు. అవి కల్పితాలు కావు, కాని కబురు మోసేవాళ్లలో కార్డుల వల్ల రాబడి పోయినవాళ్లూ ఉన్నారు. లబ్ధిదారులనే నేరుగా అడిగితే 10 మందిలో 8 మందికి పైగా పాత పద్ధతి కంటే ఇదే మేలన్నారు. నష్టపోయిన కొద్దిమంది గొంతు పెద్దది, బాగుపడిన వేలమందికి మండలాఫీసుకు వెళ్లి బాగుందని చెప్పే పని లేదు. సరైన నమూనా సర్వే లేకపోతే ప్రభుత్వం చెవిన పడేది ఆ కొద్దిమంది మాటే.

కథ ఇక్కడితో ఆగి ఉంటే ఇది దొంగతనం తగ్గించిన యంత్రం కథ అయ్యేది. సీమ రైతులను కదిలించే కథ ఆ తర్వాతది. కరువు పని వచ్చాక కూలోళ్లు దొరకడం లేదన్నది ఆలూరు నుంచి రాయచోటి దాకా ప్రతి రచ్చబండ మీదా వినిపించే మాట. అదే ముగ్గురు పరిశోధకులు అదే మండలాల్లో ఇళ్ల మొత్తం ఆదాయం చూశారు. ముందు మండలాల్లో పేద ఇళ్ల సంపాదన 14 శాతం పెరిగింది. ఆ పెరుగుదలలో 86 శాతం కరువు పని డబ్బు కానే కాదు; రైతుల పొలాల్లో, బయటి పనుల్లో వచ్చిన కూలి. బయట కూలి రేటు పెరిగింది, పని రోజులూ పెరిగాయి. కూలి పెరిగితే పని తగ్గాలని పాఠ్యపుస్తకం చెబుతుంది. ఇక్కడ తగ్గలేదు. ఎందుకు? భూమి కొద్దిమంది చేతుల్లో ఎక్కువగా ఉన్న చోట్ల పని ఎక్కువ పెరిగిందన్నది వాళ్లకు దొరికిన ఆనవాలు. కూలి ఎంతో నిర్ణయించేది నలుగురు పెద్ద రైతులే అయినప్పుడు, కూలీకి ఇంకో దారి ఉందని తేలితేనే బేరం కుదురుతుంది. డబ్బు టైముకు వస్తుందన్న నమ్మకం ఆ దారిని నిజం చేసింది. ఇది 2023లో ఎకనామెట్రికాలో వచ్చింది.

ఇంత పెద్ద ఫలితాన్ని చూసినప్పుడు అనుమానం రావాలి, వచ్చింది కూడా. రెండు విధాలుగా దాన్ని పరీక్షించారు. మొదటిది హద్దుల గొడవ. కూలీలు మండలం హద్దు చూసి ఆగరు. కోసిగి కూలీలు సుగ్గికి గుంటూరు మిరప చేలదాకా పోతారు. పక్క మండలం వాళ్లకు ఒక లెక్కా? ముందు మండలంలో కూలి పెరిగితే పక్కనున్న చివరి మండలంలోనూ పెరుగుతుంది. అప్పుడు రెండిటి మధ్య తేడా అసలు ప్రభావం కంటే చిన్నదిగా కనిపిస్తుంది. పోల్చడానికి పెట్టుకున్న మడిలోకి పక్క మడి నీళ్లు కారినట్టు. అందుకే ప్రతి ఊరి చుట్టూ 20 కిలోమీటర్ల లోపు ఎన్ని ఊళ్లకు కార్డులు వచ్చాయో లెక్కలోకి తీసుకున్నారు. అప్పుడు ప్రభావం మాయం కాలేదు, పెద్దదైంది.

రెండోది లెక్కల మూలం. తాము పంపిన సర్వే మనుషులకు జనం ఏదో చెప్పి ఉండొచ్చు. కార్డులతో ఏ సంబంధమూ లేని మనుషులు అదే కాలంలో ఇంటింటికీ తిరిగి రాసిన లెక్క ఒకటుంది, కేంద్రం జరిపిన సామాజిక ఆర్థిక కుల గణన. అందులో ఇంట్లో ఎక్కువ సంపాదించే మనిషి నెలసరి ఆదాయం 5 వేల లోపా, 5 నుంచి 10 వేలా, ఆపైనా అని మూడు గళ్లు ఉన్నాయి. ముందు మండలాల్లో జనం కింది గడి నుంచి పై గళ్లకు జరిగారు. వేరే మనుషులు, వేరే కాగితాలు, జవాబు మాత్రం అదే దిక్కు. ఒక ఫలితం నిలబడుతుందని చెప్పడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం సామాజిక శాస్త్రాల్లో అరుదుగా దొరుకుతుంది.

అరుదు అనడంలో అతిశయోక్తి లేదు. మనస్తత్వ శాస్త్రంలో పేరున్న పత్రికల్లో వచ్చిన 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూసి 2015లో ప్రకటించిన లెక్క ప్రకారం, మొదటి ఫలితం గణాంకాల పరీక్షకు మళ్లీ నిలిచినవి 36 శాతమే. ఇంకో ప్రయోగం ఇంకా ఇబ్బందికరమైనది. నల్లగా ఉన్న ఫుట్‌బాల్ ఆటగాళ్లకు రిఫరీలు ఎర్రకార్డులు ఎక్కువగా చూపిస్తారా అన్న ఒకే ప్రశ్ననూ, ఒకే లెక్కల పుస్తకాన్నీ 29 పరిశోధక బృందాలకు ఇచ్చారు. 20 బృందాలు అవునన్నాయి, 9 బృందాలు తేల్చి చెప్పలేమన్నాయి. ఎవరూ మోసం చేయలేదు. ఏ ఆటగాణ్ని ఎవరితో పోల్చాలి, ఏ వివరాన్ని లెక్కలో ఉంచాలి, దేన్ని వదలాలి అన్న చిన్నచిన్న నిర్ణయాలే జవాబును అటూఇటూ తిప్పాయి. ఒకే ఒక్క బృందం ఒకే ఒక్క పట్టికతో వచ్చి ఫలానాది తేలిందని చెబితే, మిగతా 28 పట్టికలు ఎలా ఉండేవో అడగవలసిందే.

ప్రతిదానికీ లాటరీ వేయడం కుదరదు. కరువుకు లాటరీ వేయగలమా? 2002లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నాలుగు దేశాల్లో మొదలుపెట్టిన యంగ్ లైవ్స్ అధ్యయనం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3 వేల మంది పిల్లలను ఎంచుకుని ఏళ్ల తరబడి వెంటపడింది. అందులో సీమ నుంచి అనంతపురం, కడప జిల్లాలు ఉన్నాయి. 2001-02లో పుట్టిన పిల్లల్లో ఎందరో కరువులోనే నడక నేర్చారు. 2003 జనవరి నుంచి రాష్ట్రంలో బడిలో వండిన మధ్యాహ్న భోజనం మొదలైంది. ఆ అన్నం పిల్లల ఎదుగుదలను కాపాడిందా?

తిన్న పిల్లలనూ తినని పిల్లలనూ పక్కపక్కన నిలబెట్టి ఎత్తు కొలిస్తే తప్పుదారి పడతాం. సర్కారు బడికి వచ్చేవాళ్లు పేదవాళ్లు, కరువు ఎక్కువ తగిలినవాళ్లు. అన్నం తిన్నా పొట్టిగానే కనిపిస్తారు. చూసినవాళ్లు అన్నం వల్లే పొట్టివాళ్లయ్యారని అనకపోవచ్చు, ప్రయోజనం లేదని మాత్రం అనేస్తారు. అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కన్ అదే పిల్లల రెండు సర్వేల కొలతలను తీసుకుని, ఎవరి ఎదుగుదల ఎక్కడ మొదలై ఎక్కడికి చేరిందో చూశారు. కరువు దెబ్బ తిన్న ఇళ్ల పిల్లల్లో, బడి అన్నం దొరికినవాళ్లు పోగొట్టుకున్నది చాలావరకు తిరిగి పుంజుకున్నారని 2014లో ప్రకటించారు. లాటరీ అంత గట్టిది కాదు ఈ సాక్ష్యం. కాని ఒకే బిడ్డను తిరిగితిరిగి కొలిచిన ఓపిక దీని వెనక ఉంది.

బడుల విషయంలోనూ ఇలాంటి పాఠమే. ప్రైవేటు బడి పిల్లలకు మార్కులు ఎక్కువ వస్తాయన్నది కంటికి కనిపించేదే. కాని ఆ బడికి పంపే తల్లిదండ్రులు వేరు, ఇల్లు వేరు. మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి రాష్ట్రంలో 180 ఊళ్లలో లాటరీ వేసి పేద పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు కట్టించారు. నాలుగేళ్ల తర్వాత తెలుగులో, లెక్కల్లో తేడా లేదు. హిందీలో మాత్రం ముందున్నారు. ప్రైవేటు బడి ఒక్కో పిల్లవాడి మీద పెట్టే ఖర్చేమో సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. ప్రైవేటు అభిమానులకూ సర్కారు అభిమానులకూ ఇందులో చెరో సగం దొరుకుతుంది. ఎవరి సగాన్ని వాళ్లు పట్టుకుపోయారు.

ఇక స్మార్ట్‌కార్డుల విజయాన్ని దేశమంతా అతికించబోయేవాళ్ల కోసం ఒక చేదు మాత్ర. అదే ముగ్గురు పరిశోధకులు జార్ఖండ్‌లో 2016-17లో రేషన్ బియ్యానికి ఆధార్ వేలిముద్రలు పెట్టినప్పుడు ఇంకో లాటరీ అధ్యయనం చేశారు. 10 జిల్లాలు, 132 బ్లాకులు. అక్కడ దోపిడీ తగ్గలేదు. ఆధార్ జతపడని ఇళ్లకు అందే సరుకు విలువ సుమారు 10 శాతం పడిపోయింది. వేలిముద్ర అదే, పరిశోధకులు వాళ్లే. మారిందల్లా దాని చుట్టూ ఉన్న ఏర్పాటు. ఆంధ్రాలో కార్డుతో పాటు డబ్బు పంచే మనిషి మారింది, చోటు మారింది, వేలిముద్ర పడనివాళ్లకు పాత దారి కూడా తెరిచి ఉంచారు. జార్ఖండ్‌లో డీలరు అలాగే ఉన్నాడు, తలుపు మాత్రం ఇరుకైంది. కర్నూలు, కడపల్లో తేలింది కర్నూలు, కడపల్లాంటి ఏర్పాటు ఉన్న చోటికే వర్తిస్తుంది. వేలిముద్రలు మంచివా చెడ్డవా అనే చర్చ అందుకే దండగ.

పథకం ఒకేసారి అందరికీ ఇచ్చినా కొలవడానికి దారి మూసుకుపోదు. తెలంగాణలో 2018లో రైతుబంధు చెక్కులు రాష్ట్రమంతా ఒకేసారి పంచారు. మీ మండలంలో రైతులకు ఫోన్లు చేసి చెక్కు అందిందా అని అడుగుతామని లాటరీలో వచ్చిన కొన్ని మండలాల వ్యవసాయాధికారులకు మాత్రం ముందే చెప్పారు. ఆ ఒక్క మాటకే అక్కడ చెక్కులు అందుకున్న రైతులు కాస్త పెరిగారు. లాభం స్వల్పమే, దానికైన ఖర్చు ఇంకా స్వల్పం.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న దాదాపు 15 వేల గ్రామ, వార్డు సచివాలయాలు ఒకేసారి మొదలయ్యాయి. ఇంటింటికీ వలంటీర్లు కూడా అన్ని ఊళ్లకూ ఒకేసారి వచ్చారు. 2024లో పింఛను పంపిణీ వలంటీర్ల నుంచి సచివాలయ సిబ్బందికి మారినప్పుడూ రాష్ట్రమంతా ఒకేసారి మారింది. ఒక పక్షం వలంటీర్ల పద్ధతి గొప్పదంటుంది, ఇంకో పక్షం సచివాలయ సిబ్బంది పద్ధతి గొప్పదంటుంది. ఏ మండలాన్నీ ఆరు నెలలు వెనక ఉంచలేదు కాబట్టి, 157 మండలాల స్మార్ట్‌కార్డులకు దొరికినంత గట్టి జవాబు ఈ రెండిటిలో దేనికీ దొరకదు. ఈసారి ఏ కొత్త పథకమైనా విడతలవారీగా వస్తుందని చెప్పినప్పుడు, ఓటరు తన ఎమ్మెల్యేను అడగవలసిన ప్రశ్న ఒకటే: ఏ మండలానికి ముందో ఎవరు తేల్చారు, ఎలా తేల్చారు?